ఏ తేదీ నాటి అడవి?

ఆదిలాబాద్ వైపు పొలం గురించి మాట్లాడేటప్పుడు సర్కారు మనిషి ఎవరొచ్చినా మొదట అడిగేది చెట్టు సంగతి కాదు, తేదీ సంగతి. "ఎప్పటినుంచి దున్నుతున్నవ్?" నిజాం కాలంలో జంగ్లాత్ చౌకీదారు ఈ ప్రశ్న అడిగాడు. 2008 తర్వాత గ్రామసభలో అటవీ హక్కుల కమిటీ అడిగింది. ఇప్పుడు బ్రసెల్స్ అడుగుతోంది. అడిగేవాళ్లు మారారు, భాష మారింది, చేతిలో గొలుసు పోయి ఉపగ్రహం వచ్చింది. జవాబు చెప్పుకోవలసినవాడు మాత్రం మారలేదు.

2023 మే 31న యూరోపియన్ యూనియన్ ఒక నిబంధన చేసింది. దాని సంఖ్య 2023/1115. పశువులు, కోకో, కాఫీ, పామాయిల్, రబ్బరు, సోయా, కలప: ఈ ఏడూ, వీటి నుంచి వచ్చే సరుకుల పెద్ద జాబితా ఒకటీ, యూరప్ మార్కెట్‌లోకి రావాలంటే రెండు విషయాలు రుజువు కావాలి. ఒకటి, 2020 డిసెంబర్ 31 తర్వాత అడవి కొట్టిన నేలలో ఆ పంట పండలేదని. రెండు, పండిన దేశపు చట్టాల ప్రకారమే పండిందని. రుజువు అంటే మాట కాదు. పంట పండిన చేను అక్షాంశ రేఖాంశాలు, దశాంశ బిందువు తర్వాత ఆరు అంకెల వరకు ఇవ్వాలి. తప్పు తేలితే కంపెనీకి వేసే గరిష్ఠ జరిమానా, యూరప్‌లో దాని ఏడాది వ్యాపారంలో కనీసం 4 శాతం ఉండేలా చూడాలని సభ్యదేశాలకు చెప్పారు.

ఎందుకు చేశారన్నది తేలిగ్గా కొట్టిపారేసే విషయం కాదు. 1990 నుంచి 2020 దాకా ప్రపంచంలో 42 కోట్ల హెక్టార్ల అడవి పోయిందని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ లెక్క. అది యూరోపియన్ యూనియన్ విస్తీర్ణం కంటే ఎక్కువ. బ్రెజిల్ సోయా, ఇండోనేషియా పామాయిల్, ఐవరీ కోస్ట్ కోకో యూరప్ బల్ల మీదికి ఎలా వచ్చాయో వాళ్లకే తెలుసు. తిన్నవాడు ఇప్పటికైనా పళ్లెంలోకి చూసుకుంటానంటే వద్దనడం ఎట్లా? కాకపోతే యూరప్ తన అడవులు ఎప్పుడో కొట్టుకుని, దున్నుకుని, మళ్లీ నాటుకుని, ఆ తర్వాత 2020 దగ్గర గీత గీసింది. గీత ఎక్కడ గీయాలో నిర్ణయించేవాడు దాని అవతల ఎప్పుడూ ఉండడు.

ఈ ఏడింటిలో మనకు తగిలేది ప్రధానంగా సోయా. ఆదిలాబాద్ అనగానే పత్తి గుర్తొస్తుంది కానీ పత్తి ఆ జాబితాలో లేదు. వరి లేదు, మొక్కజొన్న లేదు. సోయా ఉంది. మహారాష్ట్ర, మధ్యప్రదేశ్‌ల మీదుగా ఇటు దిగిన ఈ పంట ఉమ్మడి ఆదిలాబాద్, నిజామాబాద్ జిల్లాల్లో ఇల్లు కట్టుకుంది. మృగశిర వానకు విత్తితే దసరా దీపావళి మధ్య చేతికొస్తుంది. నూనె తీసిన తర్వాత మిగిలే చెక్క కోళ్లకు, పశువులకు దాణా. మన దేశపు సోయా జన్యుమార్పిడి చేయనిది కాబట్టి దాని చెక్కకు యూరప్‌లో ప్రత్యేకంగా అడిగే కొనుగోలుదార్లు ఉన్నారు. బ్రెజిల్ పంపేదానితో పోలిస్తే మనది సముద్రంలో చెంబెడు నీళ్లు. కానీ చెంబు మనది.

సరే, ఈ గీతల కథ బ్రసెల్స్‌తో మొదలుపెడితే అన్యాయం అవుతుంది. మొదలుపెట్టాల్సింది జంగ్లాత్ లైనుతో.

బ్రిటిష్ ఇండియాకు మొదటి అడవుల ఇన్‌స్పెక్టర్ జనరల్ డీట్రిచ్ బ్రాండిస్ అనే జర్మన్. 1864లో ఆ పదవిలోకి వచ్చాడు. అడవిని కొలవడం, రిజర్వు చేయడం, టేకును లెక్కగట్టి కొట్టడం అనే జర్మన్ శాస్త్రం ఆ విధంగా ఇక్కడికి చేరింది. నిజాం రాజ్యం ఆ పద్ధతినే తెచ్చుకుంది. ఆదిలాబాద్ టేకు ఖజానాకు సొమ్ము. కాజీపేట, బల్హార్షా రైలు లైను పడ్డాక అది మరింత సొమ్ము. అడవికి హద్దులు కొలిచి, దిమ్మెలు పాతి, లోపల మిగిలిన ఊళ్లను దీవుల్లా వదిలేశారు.

ఇక్కడొక సాంకేతిక విషయం ఉంది. నా లెక్కన మొత్తం చరిత్రకు కీలకం అదే. గోండులు ఒక చేను కొన్నేళ్లు దున్ని, బలం తగ్గగానే పడావు పెట్టి, పక్క చేనుకు పోయేవాళ్లు. పడావు పెట్టిన చేలో తునికి, మోదుగ లేస్తాయి. కొన్నేళ్ల తర్వాత మళ్లీ వచ్చి దున్నుకుంటారు. కొలిచేవాళ్లు వచ్చిన రోజున దున్నుతున్న చేను మాత్రమే పొలం అయింది. పడావు అడవి అయింది. తర్వాత అక్కడ నాగలి పెట్టిన మనిషి ఆక్రమణదారు అయ్యాడు. వ్యవసాయం చేసేవాడి లెక్క పదిహేనేళ్ల చక్రం, కొలిచేవాడి లెక్క ఒక్క రోజు.

కుమ్రం భీము పోరాటంలో ఉన్నది ఈ కొలత మీద తగాదానే. బాబేఝరి దగ్గర అడవి నరికి వేసుకున్న ఊళ్లను జంగ్లాత్ వాళ్లు తగలబెట్టారు. హైదరాబాద్ దాకా అర్జీలు పోయాయి. చివరికి 1940లో జోడేఘాట్ గుట్ట మీద పోలీసు కాల్పుల్లో భీము, అతని మనుషులు చనిపోయారు. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం అసలు ఏం జరిగిందో చూడమని ఒక మానవ శాస్త్రవేత్తను పంపింది. ఆస్ట్రియా దేశస్థుడైన క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ రెండో ప్రపంచ యుద్ధం మూలంగా 'శత్రు దేశ పౌరుడి'గా హైదరాబాద్ రాజ్యం దాటకూడని స్థితిలో ఉన్నాడు. ఒక యూరప్ యుద్ధం యూరప్ మనిషిని మార్లవాయిలో కట్టిపడేసింది. రిజర్వు లైను గోండుల వ్యవసాయాన్ని ఎలా చంపిందో అతను రాసి ఇచ్చాడు. పట్టాలివ్వమన్నాడు. కొన్ని ఇచ్చారు కూడా. 1943లో మార్లవాయిలో గోండి పంతుళ్లకు శిక్షణ కేంద్రం మొదలైంది. హైమెన్‌డార్ఫ్ సమాధి, ఆయన భార్య బెట్టీ సమాధి ఇప్పటికీ ఆ ఊళ్లోనే ఉన్నాయి.

పట్టాల సంగతి అంతటితో తెగలేదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో జనం గుమిగూడింది భూమి కోసమే, కాల్పులు జరిగిందీ అందుకే.

పెన్‌గంగ అవతలి ఒడ్డు గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. బీరార్‌ను 1853లో నిజాం ఇంగ్లీషు కంపెనీకి అప్పగించాడు. అమెరికాలో 1861లో అంతర్యుద్ధం వచ్చి అక్కడి పత్తి ఆగిపోతే మాంచెస్టర్ మిల్లుల చూపు బీరార్ నల్లరేగడి మీద పడింది. పదేళ్లు తిరక్కముందే ఖామ్‌గావ్‌కు, అమరావతికి రైలు కొమ్మలు వేశారు. బీళ్లు, పొదలు, పశువుల మేత నేలలు పత్తి చేలయ్యాయి. అప్పుడు ఓడ ఎక్కించిన బేళ్ల మీద 'ఈ పత్తి ఏ నేలలో పండింది?' అని లాంకషైర్‌లో ఎవరూ అడగలేదు. ఎంత తొందరగా వస్తుందని అడిగారు. కొనేవాడి తొందర ఒకప్పుడు నేలను చదును చేయిస్తుంది, కొనేవాడి నీతి ఇంకొకప్పుడు ఆ నేలకు కాగితం అడుగుతుంది. రెండింటిలోనూ పండించేవాడిని సంప్రదించిన దాఖలా లేదు.

మన దేశం తన గీత తాను 2006లో గీసుకుంది. అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి అటవీ భూమి దున్నుతున్న ఆదివాసికి హక్కు ఇవ్వాలి. ఆ తేదీ ఎక్కడిదంటే, బిల్లు లోక్‌సభలో పెట్టిన రోజు అది. ఆదివాసి కాకపోతే మూడు తరాల, అంటే 75 ఏళ్ల నివాసం చూపాలి. విచిత్రంగా బ్రెజిల్‌లో సోయా వ్యాపారులు, అమెజాన్ అడవి కొట్టి పండించిన సోయా ఇక కొనమని ఒప్పందం చేసుకున్నది కూడా ఆ 2006లోనే. వాళ్ల తేదీ మొదట 2006 జూలై, తర్వాత 2008 జూలైకి జరిపారు. అడవి నరికిన రోజు ప్రకృతిలో ఒక్కటే ఉంటుంది. కాగితాల్లో మాత్రం ఎన్ని రోజులైనా ఉంటాయి.

మన చట్టంలోను, యూరప్ నిబంధనలోను ఒక అంకె కలిసింది. అటవీ హక్కుల చట్టం కింద ఒక కుటుంబానికి ఇచ్చే గరిష్ఠ భూమి 4 హెక్టార్లు. యూరప్ నిబంధనలో 4 హెక్టార్లు దాటిన చేనుకు చుట్టూ హద్దు గీసి ఇవ్వాలి, 4 లోపు ఉంటే ఒక్క బిందువు చాలు. అంటే ఆర్‌ఓఎఫ్‌ఆర్ పట్టా ఉన్న రైతు ఎవరైనా సరే ఒక్క బిందువుతో గట్టెక్కవచ్చు. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో నాటి ముఖ్యమంత్రి పోడు పట్టాల పంపిణీ మొదలుపెట్టారు. రాష్ట్రం మొత్తం మీద 1.51 లక్షల మందికి 4.06 లక్షల ఎకరాలు. సగటున మనిషికి 2.7 ఎకరాలు పడుతుంది. సరిగ్గా అదే తేదీన, నాలుగేళ్ల ముందు, కాగజ్‌నగర్ దగ్గర సార్సాలలో మొక్కలు నాటించడానికి పోయిన అటవీ అధికారిణిని కర్రలతో కొట్టిన దృశ్యం దేశమంతా చూసింది. తేదీలకు మనలాగ సిగ్గుండదు.

ఒక్క బిందువే కదా, తేలికే అనుకున్నాను నేను. ఉట్నూరు నుంచి జైనూరు పోయే దారిలో ఒక గోండు పెద్దమనిషి చేలో కూర్చుని ఈ సంగతి చెబితే ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నాడు:

"పాయింట్ ఏడ పెడ్తరు సార్? నా చేను ఒక్క తాన లేదు. వాగుకు ఇవతల ఎకరంన్నర, అవతల ఎకరం. అవతలిదానికి పట్టా రాలే."

"ఎందుకు రాలేదు దాదా?"

"రుజువు లేదన్నరు. ఇవతలి చేనుకు మా నాయిన కట్టిన జుర్మానా రసీదు ఉండె. జంగ్లాతోళ్లు కేసు రాసి పైసలు గుంజిన కాయితం. గదే చూపిస్తే పట్టా ఇచ్చిన్రు. అవతలి చేనుకాడ ఎన్నడూ దొరకలే మేము. దొరికితే బాగుండు."

నవ్వాలో ఏం చేయాలో తెలియలేదు. ఆయన నవ్వాడు. జరిమానా కట్టినవాడికి హక్కు, పట్టుబడనివాడికి లేదు.

ఆయన రెండు చేలల్లోనూ సోయానే ఉంది. రెండూ 2005కు చాలా ముందు నుంచి దున్నుతున్నవే. యూరప్ మొదటి షరతు ప్రకారం రెండూ శుభ్రమైనవి. 2020 తర్వాత అక్కడ ఎవరూ ఒక్క చెట్టు కొట్టలేదు. రెండో షరతు దగ్గర మాత్రం వాగు అవతలి ఎకరం ఆగిపోతుంది, ఎందుకంటే దేశపు చట్టం ప్రకారం ఆ భూమి వాడుకునే హక్కు ఆయనకు ఉన్నట్టు కాగితం లేదు. అంటే మన దగ్గర తిరస్కరించిన ప్రతి దరఖాస్తునూ యూరప్ మళ్లీ ఒకసారి తిరస్కరిస్తుంది. దేశం మొత్తం మీద అలా తిరస్కరణకు గురైనవి పది లక్షలకు పైనే. వాళ్లను ఖాళీ చేయించమని 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు ఆదేశించి, అదే నెల 28న తానే ఆ ఆదేశాన్ని నిలిపేసింది. నిలిపివేత కింద బతికే భూమి చట్టబద్ధమా కాదా అన్న ప్రశ్నకు హాంబర్గ్‌లోని సోయా చెక్క కొనుగోలుదారు జవాబు వెతకాలి. వెతుకుతాడా? వెతకడు. ఆ తలనొప్పి లేని చోట కొంటాడు.

నాకు భయం కలిగించేది నిషేధం కాదు, ఈ వెతకకపోవడం. భైంసా యార్డులో సోయా కుప్పలు చూసినవాళ్లకు అర్థమవుతుంది. మైదానం రైతు తెచ్చిందీ, ఏజెన్సీ ఊళ్లలో చిల్లరగా కొని వ్యాపారి తెచ్చిందీ, దడువాయి కాంటా పెట్టి, హమాలీలు బస్తాలకెత్తాక ఒకటే సరుకు. తేమ ఎంత, మట్టి ఎంత, పుచ్చు ఎంత అన్నవే అక్కడి ప్రశ్నలు. సరిహద్దు దాటితే నాందేడ్, లాతూర్ మార్కెట్లు. యూరప్ నిబంధనలో కలిపేసి లెక్కచూపడం కుదరదు. తెలియని చేను గింజ ఒక లాట్‌లో పడితే, దాన్ని విడదీయలేకపోతే, మొత్తం లాట్ పోయినట్టే. వ్యాపారి ఏం చేస్తాడు? యాభై మంది పోడు రైతుల దగ్గర యాభై బిందువులు తీసుకోవడం కంటే పట్టాదారు పాసుపుస్తకం ఉన్న పది మంది దగ్గర కొనడం తేలిక. ఎవరూ ఆర్డర్ వేయరు. యార్డు గేటు దగ్గర బోర్డు ఉండదు. 'ఆ దిక్కు సరుకు వద్దు' అని ఫోన్లో ఒక మాట అంటారు, క్వింటాల్ మీద ఓ వంద తగ్గుతుంది. 2025 వానాకాలానికి సోయా మద్దతు ధర 5,328 రూపాయలు. మద్దతు ధర కేంద్రం తెరిచే ముందే అప్పు తీర్చడానికి అమ్ముకునేవాడికి ఆ వంద ఎంతో మనకు తెలియనిది కాదు.

కాఫీతో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. అరకు కొండల్లో ఆదివాసులు పోడు నేలల్లోనే నీడచెట్ల కింద కాఫీ వేశారు, దాని పేరు పారిస్ దాకా పోయింది. మన దేశపు కాఫీ ఎగుమతుల్లో ఎక్కువ భాగం యూరప్‌కే పోతుంది కాబట్టి కాఫీ బోర్డు తానే పూనుకుని రైతులను ఫోన్ యాప్‌లో నమోదు చేయడం మొదలుపెట్టింది. రబ్బరుకూ ఒక బోర్డు ఉంది. సోయాకు ఏ బోర్డూ లేదు. దిక్కులేని పంట అంటే వానమీద ఆధారపడేది అనుకుంటాం కానీ, తన తరఫున ఫారం నింపేవాళ్లు లేనిది కూడా దిక్కులేని పంటే.

ఇలాంటి నియమాలు మోయగలిగితే ఆదివాసులు మోస్తారనడానికి సాక్ష్యం ఆదిలాబాద్‌లోనే ఉంది. 2000ల మధ్య నుంచి చేతన ఆర్గానిక్ సంస్థతో కలిసి ఇక్కడి గోండు రైతులు సేంద్రియ పత్తి పండించి యూరప్ బ్రాండ్లకు అమ్మారు. చేను చేనుకూ రికార్డు రాసుకున్నారు, తనిఖీలకు నిలబడ్డారు. అక్కడ ఎవరో ఒకరు పక్కన కూర్చుని రాసిపెట్టారు, ఆ కష్టానికి పైన కాస్త ధర కూడా ఇచ్చారు. ఈ కొత్త నిబంధన రాసిపెట్టమంటుంది, పై ధర సంగతి ఎత్తదు.

ఇంకొక చిక్కు నిర్వచనంలో ఉంది. అర హెక్టారు పైబడి, 5 మీటర్ల ఎత్తు పెరిగే చెట్లు, 10 శాతం పైన గొడుగు ఉంటే అది అడవి. అందులో వ్యవసాయం కోసం మార్చితేనే అడవి నరకడం కిందికి వస్తుంది. గని కోసం మార్చితే రాదు. రిజర్వాయర్ కోసం ముంచితే రాదు. కాళేశ్వరం ప్రాజెక్టుకు 3,000 హెక్టార్లకు పైగా అటవీ భూమి ఇచ్చారు. సింగరేణి ఓపెన్‌కాస్టు గనులు ఎంత అడవిని తిన్నాయో మంచిర్యాల మనిషిని అడగండి. మా కరీంనగర్ చుట్టూ గుట్టలు 'టాన్ బ్రౌన్' గ్రానైట్ దిమ్మెలై చైనాకు ఓడెక్కిపోయాయి. చిన్నప్పుడు చూసిన గుట్టల్లో కొన్ని ఇప్పుడు నీళ్లు నిండిన గుంతలు. బ్రసెల్స్ నిబంధన ముందు ఇవేవీ తప్పులు కావు. ఎకరంన్నర సోయా చేను మాత్రం సంజాయిషీ చెప్పుకోవాలి. ఆ చేలో గోండు రైతు కొట్టకుండా ఉంచుకున్న నాలుగు ఇప్ప చెట్లు పైనుంచి చూస్తే గొడుగులాగే కనిపిస్తాయి. పడావు భూమిని వ్యవసాయ భూమిగానే చూడాలని నిబంధన అయితే ఒప్పుకుంటుంది, అంతవరకు నిజాం కొలతగాళ్ల కంటే నయం. కానీ 2020 నాటి ఉపగ్రహ పటంలో పది మీటర్ల చుక్కకు అది పడావో పొదో తెలియదు. తెలియనప్పుడు రుజువు చేయాల్సింది చుక్క కాదు, రైతు.

కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి వైపు ఇప్పుడు ఆయిల్‌పామ్ మొక్కలు పెడుతున్నారు. 2021 ఆగస్టులో కేంద్రం 11,040 కోట్లతో పథకం ప్రకటించింది, రాష్ట్రం 20 లక్షల ఎకరాల లక్ష్యం పెట్టుకుంది. ఇవి వరి మళ్లు, మక్క చేలు. అడవి ఊసే లేదు, పాసుపుస్తకాలు భద్రంగా ఉన్నాయి. యూరప్ అడిగే రుజువులన్నీ ఇక్కడ పుష్కలం. కానీ ఈ నూనె చుక్క కూడా యూరప్ పోదు. ప్రపంచంలో పామాయిల్ అందరికంటే ఎక్కువగా కొనుక్కునే దేశం మనదే. 2013లో 'అమ్మహస్తం' కింద 185 రూపాయలకు ఇచ్చిన తొమ్మిది సరుకుల్లో పామోలిన్ ప్యాకెట్ ఒకటి. ఆ నూనె సుమత్రాలో ఏ అడవి కొట్టి వచ్చిందని మా వీధి రేషన్ షాపు ముందు ఎవరైనా అడిగారా? అడిగే స్థితిలో ఎవరున్నారు? యూరప్ వద్దన్న నూనె ఎక్కడికో అక్కడికి పోవాలి, మన బజ్జీల మూకుడు పెద్దదే. యూరప్‌ను విమర్శించేటప్పుడు ఇది మరచిపోతే మన మాటకు విలువుండదు.

2025 మేలో యూరప్ దేశాలన్నిటికీ ప్రమాద స్థాయిలు ప్రకటించింది. అధిక ప్రమాదం కింద రష్యా, బెలారస్, ఉత్తర కొరియా, మయన్మార్ మాత్రమే. భారత్ తక్కువ ప్రమాదం కింద ఉంది, అంటే కొనుగోలుదార్లలో ఏటా నూటికి ఒకరిని తనిఖీ చేస్తే చాలు. ఢిల్లీలో కొందరు ఊపిరి పీల్చుకున్నారు. తనిఖీలు తగ్గుతాయి, నిజమే. చేను బిందువు ఇవ్వాల్సిన పని, చట్టబద్ధత షరతు మాత్రం అలాగే ఉంటాయి.

అమలు తేదీ కూడా రెండుసార్లు జరిగింది. మొదట 2024 డిసెంబర్ 30 అన్నారు, తర్వాత 2025 అన్నారు, ఇప్పుడు పెద్ద, మధ్యస్థ కంపెనీలకు 2026 డిసెంబర్ 30, చిన్నవాటికి 2027 జూన్ 30. వాళ్ల కంపెనీలు సిద్ధంగా లేవని, కంప్యూటర్ వ్యవస్థ తట్టుకోదని కారణాలు చెప్పారు. సిద్ధంగా లేకపోతే తేదీ జరపవచ్చన్నమాట. 2005 డిసెంబర్ 13 మాత్రం ఎన్ని ధర్నాలు చేసినా ఒక్క రోజు జరగలేదు.

2026 డిసెంబర్‌లో ఓడరేవుకు చేరే సోయా చెక్క అంటే ఆ ఏడు మృగశిరకు విత్తి, దసరా తర్వాత కోసిన గింజ. ఉట్నూరు పెద్దమనిషి వాగుకు రెండు పక్కలా అదే విత్తనం వేస్తానన్నాడు. కోశాక రెండు చేల గింజా ఒకే కల్లంలో పోస్తాడు, ఎందుకంటే ఆయనకున్నది ఒకటే కల్లం.